ప్రెసిడెంటు గారి కరెంట్ ఫైలు

"పౌరహక్కుల మీద చదువుతున్నాను నాన్నా" అని ఫోన్లో అనగానే అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "అవన్నీ ఇప్పుడు నీకెందుకమ్మా, వీసా మీద ఉన్నదానివి" అన్నారు. ఆయన భయం ఆయనది. మా ఇంట్లో ఆ మాట వినబడితే గుర్తొచ్చేది కన్నబిరాన్, బాలగోపాల్, ఎన్‌కౌంటర్లు, నిజనిర్ధారణ కమిటీలు. అమెరికాలో అరవై ఏళ్ల కిందట నల్లవాళ్లు బస్సులో సీటు కోసం, ఓటు కోసం చేసిన పోరాటానికీ మనం అదే మాట వాడతాం. మాట ఒకటే, టెన్షన్లు వేరు.

నేను చదివేది ఇక్కడి అధ్యక్షుడి ఆఫీసు కాగితాలేనని, వాటిని దాచిందీ చూపిస్తున్నదీ ప్రభుత్వమేనని చెప్పాక ఆయన మనసు కుదుటపడింది. వెంటనే పాత ఉద్యోగం గుర్తొచ్చింది. నాన్న ముప్ఫయ్యేళ్లు రెవెన్యూ ఆఫీసుల్లో పనిచేశారు. "అయితే కరెంట్ ఫైలు పక్కన పడేసి నోట్ ఫైలు చదువు. అసలు సంగతంతా అందులోనే ఉంటుంది" అన్నారు.

ఆఫీసు గొడవలు తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. మన సర్కారీ ఫైలుకి రెండు భాగాలుంటాయి. బయటినుంచి వచ్చిన అర్జీలు, ఉత్తరాలు, వాటికి మనం పంపిన జవాబులు కరెంట్ ఫైలు. లోపల గుమాస్తా, సూపరింటెండెంటు, పై అధికారి ఒకరి కింద ఒకరు రాసుకునేది నోట్ ఫైలు. అర్జీ పెట్టుకున్నవాడికి నోట్ ఫైలు కనబడదు, వాడి తలరాత మాత్రం అక్కడే తేలుతుంది.

నాన్న చెప్పినట్టే మొదలుపెట్టాను. రెండేళ్లుగా వీలు దొరికినప్పుడల్లా సెలవు పెట్టి ఆ కాగితాల ముందు కూర్చుంటున్నాను. ఇప్పుడు ఆయనతో నాకు పేచీ వచ్చింది, అదే ఇక్కడ రాస్తున్నాను.

నేనుండే ఆస్టిన్‌లో, యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ కాంపస్‌లో, 1963 నుంచి 1969 దాకా అధ్యక్షుడిగా ఉన్న లిండన్ జాన్సన్ పేరున లైబ్రరీ ఉంది. 1971లో తెరిచారు. పేరుకి లైబ్రరీ గానీ అక్కడున్నది ఒక అధ్యక్షుడి రికార్డు రూం, సుమారు నాలుగున్నర కోట్ల పేజీలు. పెద్ద హాల్లో నిలబడి తలెత్తితే అద్దాల వెనక నాలుగంతస్తుల ఎత్తున ఎర్ర పెట్టెలు, ఒక్కోదాని మీద బంగారు రంగు ముద్ర. ఊరినుంచి అమ్మానాన్నలొస్తే మనవాళ్లు తీసుకెళ్లి ఆ పెట్టెల ముందు ఫొటో దిగి, జోకులు చెప్పే జాన్సన్ బొమ్మని చూసి వచ్చేస్తారు. నేనూ మూడుసార్లు అదే చేశాను. ఆ కాగితాల్ని ఎవరైనా అడిగి తెప్పించుకుని చదవొచ్చనీ, అందుకు ప్రొఫెసర్ అయ్యుండక్కర్లేదనీ నాలుగోసారి గానీ తెలియలేదు. పెన్ను బయట పెట్టాలి, పెన్సిల్ వాడాలి. బల్ల మీద ఒకసారికి ఒక పెట్టె, పెట్టెలోంచి ఒకసారికి ఒక ఫోల్డరు. కాగితాల వరస చెడితే వాళ్ల మొహాలు మారిపోతాయి.

ఈ ఏర్పాటు వెనకున్న కథ చిన్నదే. ఒకప్పుడు అధ్యక్షుడి కాగితాలు అధ్యక్షుడి సొంత ఆస్తి. పోతూ పోతూ పట్టుకుపోయేవాళ్లు. రూజ్‌వెల్ట్ తనవి దేశానికిచ్చి 1941లో హైడ్ పార్కులో మొదటి లైబ్రరీ తెరిపించాడు, 1955లో అందుకొక చట్టం వచ్చింది. నిక్సన్ టేపుల రచ్చ అయ్యాక 1978లో ఇంకో చట్టం చేసి, 1981 జనవరి 20 నుంచి పుట్టే కాగితాలన్నీ ప్రజలవేనన్నారు. జాన్సన్ కాగితాలు అంతకు ముందువి. అంటే ఆయన దానపత్రం రాసి ఇచ్చినవి, ఇచ్చినవాడి షరతులతో సహా.

పౌరహక్కుల కాగితాలు వెతకాలంటే ముందు వాటి కోడ్ పట్టుకోవాలి. వైట్‌హౌస్ గుమాస్తాలు ప్రతి విషయానికీ రెండక్షరాలు, ఒక అంకె పెట్టారు. హెచ్‌యు అంటే మానవ హక్కులు. హెచ్‌యు 2 అంటే జాతుల సమానత్వం. దాని పక్కన రాష్ట్రం: అక్షర క్రమంలో అలబామా ఎస్‌టి 1, మిసిసిపి ఎస్‌టి 24. మిసిసిపిలో నల్లవాళ్ల గోడు ఏదైనా వైట్‌హౌస్‌కి చేరితే అది హెచ్‌యు 2 గీత ఎస్‌టి 24. నాన్నకి ఇది చెబితే భలే సంబరపడ్డారు. "సబ్జెక్టు నంబరు వేశారన్నమాట" అని.

నోట్ ఫైలు మహా రుచి. ముందు అది ఒప్పుకోవాలి. అక్కడ డైలీ డైరీ అని ఒకటుంది. అధ్యక్షుడు ఎప్పుడు లేచాడు, ఎవరికి ఫోన్ చేశాడు, ఎవరు గదిలోకి వచ్చారు అని కార్యదర్శులు గంటలు, నిమిషాలతో టైపు చేసిన కాగితాలు. మన షావుకార్ల చిట్టా లాంటిదే. 1964 ఆగస్టు 4 తీయండి. పొద్దుటినుంచీ వియత్నాం దగ్గర టోంకిన్ సింధుశాఖలో అమెరికన్ ఓడల మీద దాడి జరిగిందన్న గొడవ, రక్షణ మంత్రి మెక్‌నమారాతో ఫోన్ల మీద ఫోన్లు. రాత్రి ఎనిమిది ప్రాంతంలో ఎఫ్‌బిఐ నుంచి డెలోచ్ ఫోన్. మిసిసిపిలో జూన్ 21న మాయమైన ముగ్గురు ఉద్యమ కుర్రాళ్లు, చేనీ, గుడ్‌మన్, ష్వెర్నర్‌ల కోసం తవ్వుతుంటే మట్టికట్ట కింద శవాలు దొరుకుతున్నాయని. కుటుంబాలకి చెప్పేదాకా ప్రకటన ఆపమన్నాడు జాన్సన్. రాత్రి పదకొండున్నర దాటాక టీవీలోకి వచ్చి ఉత్తర వియత్నాం మీద విమాన దాడుల గురించి చెప్పాడు. మన పుస్తకాల్లో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలు. చిట్టాలో ఒకే రోజు, ఒకే మనిషి, ఒకే ఫోను.

ఆ ముగ్గురి కోసం వెతుకుతున్నప్పుడే, జూలైలో, మిసిసిపి నది నుంచి హెన్రీ డీ, చార్ల్స్ మూర్ అనే ఇద్దరు నల్ల కుర్రాళ్ల శవాలు తీశారు. వాళ్లని చంపింది మే నెలలో. చేనీ నల్లవాడు, మిగతా ఇద్దరూ న్యూయార్క్ నుంచి వచ్చిన తెల్ల కుర్రాళ్లు. దేశం ఎవరి కోసం నిద్ర లేచిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక టేపులు. జాన్సన్ తన ఫోన్ల రికార్డింగులు 640 గంటలకి పైగా వదిలిపోయాడు. అవతలివాళ్లలో ఎక్కువమందికి రికార్డవుతోందని తెలియదు. తను పోయాక 50 ఏళ్లు ఎవరికీ వినిపించొద్దన్నాడు. పోయింది 1973లో. ఆ లెక్కన 2023 దాకా మూసే ఉండాలి, కానీ లైబ్రరీ డైరెక్టర్ మిడిల్టన్ తెగించి 1990ల్లోనే విప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇంట్లో కూర్చునే వినొచ్చు. నేను ఆఫీసుకి పోతూ కారులో వింటాను. ఆ టెక్సస్ యాసకి చెవి అలవాటు పడడానికి నెల పట్టింది. అయినా పేరున్న చరిత్రకారులే తడబడ్డ చోటు ఉంది. నాకోసం 'పాకిస్తాన్ అంబాసిడర్' ఎదురుచూస్తున్నాడని జాన్సన్ అంటే, అచ్చయిన పుస్తకంలో అది పెద్దమనిషి నోట రాకూడని తిట్టుగా మారిపోయింది. 'పాకిస్తాన్'లోని 'పాక్', 'అంబాసిడర్'లోని 'బాస' కలిపి చూసుకోండి, మిగతాది నేను రాయను.

ఈ నోట్ ఫైలు మీదే ఆధారపడితే ఏమవుతుందో నేనే పడి తెలుసుకున్నాను. 1965 జనవరి 15, నల్లవాళ్ల ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ పుట్టినరోజు నాడు జాన్సన్ అతనితో మాట్లాడిన ఫోన్ ఉంది. అలబామాలోనో మిసిసిపిలోనో లూసియానాలోనో ఓటు నమోదుకి వెళ్లిన నల్లవాణ్ణి పద్యం అప్పజెప్పమనే లాంటి అతి ఘోరమైన చోటు ఒకటి వెతికి పట్టుకో, దాన్ని రేడియోలో, టీవీలో, చర్చిల్లో పదే పదే చెప్పు, ఆ తర్వాత నా పని సులువవుతుంది, అని జాన్సన్ ఊదరగొడతాడు. వింటుంటే ఒళ్లు పులకరిస్తుంది. తర్వాత ఓటు హక్కు పోరాటానికి పేరుపడ్డ అలబామా ఊరు సెల్మా అప్పటికింకా దేశమంతా మారుమోగలేదు. "సెల్మా ఐడియా జాన్సన్‌దే" అని నా నోట్సులో రాసేసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

నెల తర్వాత తేదీలు చూసుకుంటే సిగ్గేసింది. కింగ్ సెల్మాలో బ్రౌన్ చాపెల్ చర్చిలో నిలబడి ఓటు హక్కు ఉద్యమం మొదలుపెట్టింది జనవరి 2న. స్నిక్ అనే విద్యార్థి ఉద్యమ సంఘం కుర్రాళ్లు 1963 నుంచే అక్కడ గడప గడపా తిరుగుతున్నారు. సెల్మా ఉన్న డాలస్ కౌంటీలో (మనవాళ్లు ఇళ్లు కొనే డాలస్ కాదు) ఓటు వయసున్న నల్లవాళ్లు సుమారు 15,000 మంది ఉంటే జాబితాకి ఎక్కింది మూడు నాలుగు వందల మంది. ఘోరమైన చోటు వెతుక్కోమని కింగ్‌కి ఎవరూ చెప్పనవసరం లేదు. పైగా అదే ఫోన్లో కింగ్ అన్న మాట నాకు మొదటిసారి చెవిన పడనేలేదు. దక్షిణాదిలో మీరు ఓడిన అయిదు రాష్ట్రాల్లోనూ నల్లవాళ్ల ఓటు నమోదు 40 శాతం లోపే సుమండీ, అంటాడు మర్యాదగా. న్యాయం, ధర్మం ఊసే లేదు, శుద్ధ ఓట్ల లెక్క. ఆ ఫోన్లో పాఠం చెప్పింది ఎవరు, నేర్చుకున్నది ఎవరు?

అలాగని జాన్సన్‌ని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారనేవాళ్ల మాటా పూర్తిగా నిలబడదు. 1964 డిసెంబరు నాటికే ఓటు హక్కు చట్టానికి దారులు చూడమని న్యాయశాఖకి పురమాయించాడు, ఆ శాఖ పెద్ద కాట్జెన్‌బాక్ మెమో సాక్ష్యం. అదే నెల వైట్‌హౌస్‌లో కలిసినప్పుడు మాత్రం ఈ ఏడు ఆ బిల్లు పాసవదని జాన్సన్ తనతో అన్నట్టు కింగ్ చెప్పుకున్నాడు. చేయాలని ఉంది, ఇప్పుడే కాదు. మన నాయకులు 'పరిశీలనలో ఉంది' అంటారు చూశారూ, అదే. ఆ 'ఇప్పుడే కాదు'ని 'ఇప్పుడే'గా మార్చిందేమిటో నోట్ ఫైల్లో దొరకదు. అది తపాల్లో వచ్చింది.

1965 మార్చి 7న సెల్మా వంతెన మీద పోలీసులు ఊరేగింపుని చితకబాదారు. మార్చి 11న వైట్‌హౌస్ చూడ్డానికి వచ్చినట్టు వచ్చిన కొందరు యువతీయువకులు లోపలే నేల మీద బైఠాయించారు. అర్జీయే కాళ్లతో నడిచొచ్చి నోట్ ఫైలు మీద కూర్చుంది. మార్చి 15న జాన్సన్ కాంగ్రెసు ముందు నిలబడి ఉద్యమ పాటలోని మాటే తన మాటగా పలికాడు. ఆగస్టు 6న చట్టం మీద సంతకం. డిసెంబరులో కుదరనిది మార్చిలో ఎనిమిది రోజుల్లో కుదిరింది. ఆ ఎనిమిది రోజుల నోట్ ఫైలు ఎంత చదివినా 'అధ్యక్షుడు చురుగ్గా కదిలాడు' అనే అనిపిస్తుంది. ఎందుకు కదిలాడో తెలియాలంటే పక్కన బయటినుంచి వచ్చినవి పెట్టుకోవాలి.

ఇది జాన్సన్ ఒక్కడి సంగతి కాదు. రూజ్‌వెల్ట్ 1941 జూన్‌లో రక్షణ పరిశ్రమల్లో రంగు చూసి ఉద్యోగాలివ్వకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. దాని ముందు కార్మిక నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్ మీదికి నల్ల కార్మికుల ఊరేగింపు తెస్తానని చేసిన హెచ్చరిక ఉంది. ఐసన్‌హోవర్ 1957లో, తెల్లవాళ్ల స్కూల్లో చేరిన నల్ల పిల్లలకి కాపలాగా, లిటిల్ రాక్‌కి సైన్యం పంపాడు. దాని ముందు, గుంపుని ఆపడం మా వల్ల కాదు, సైన్యం పంపండి అని ఆ ఊరి మేయరు ఇచ్చిన టెలిగ్రాం ఉంది. 1946లో దక్షిణ కరోలినాలో, సైన్యం నుంచి విడుదలై యూనిఫాంలో ఇంటికి పోతున్న ఐజాక్ వుడార్డ్ అనే నల్ల సార్జంట్‌ని పోలీసులు బస్సులోంచి దింపి కొట్టి కళ్లు పోగొట్టారు. ట్రూమన్ రెండేళ్ల తర్వాత పాత స్నేహితుడికి రాసిన ఉత్తరంలో కూడా ఆ సంఘటనే ఎత్తుతాడు. బయటి కబురు లోపలివాణ్ణి ఎంతకాలం తొలిచిందో ఆ ఉత్తరంలో కనబడుతుంది.

నా స్నేహితురాలొకామె యూనివర్సిటీలో చరిత్ర చెబుతుంది. "అధ్యక్షుల కాగితాల్లో ఉద్యమం ఉండదు, మిసిసిపి వెళ్లి ముసలమ్మల్ని అడుగు" అంటుంది. నిజమే, వెళ్లాలి. కానీ ఆ ముసలమ్మలు చెప్పే మాటకి సాక్ష్యం ఎవరైనా అడిగితే, ప్రత్యర్థి ఇంట్లో దొరికిన సాక్ష్యాన్ని మించింది ఉండదు కదా. ఫానీ లూ హేమర్ సంగతే చూడండి. పొలంలో పత్తి ఏరుకు బతికే మనిషి. 1962లో ఓటు నమోదుకి వెళ్లిందని దొర పని మానిపించి వెళ్లగొట్టాడు, మరుసటేడు వినోనా జైల్లో కొట్టించారు. 1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ కమిటీ ముందు ఆవిడ ఇదంతా టీవీలో చెబుతోంది. పార్టీ మహాసభలో మిసిసిపి తెల్ల ప్రతినిధుల స్థానంలో మమ్మల్ని కూర్చోబెట్టండి అని ఆవిడా, ఆవిడతో వచ్చినవాళ్లూ చేసిన డిమాండు. ఉన్నట్టుండి జాన్సన్ వైట్‌హౌస్‌లో కెమెరాల ముందుకొచ్చాడు. చెప్పడానికి విషయమేం లేదు, కెనెడీ చనిపోయి ఆ రోజుకి తొమ్మిది నెలలని గుర్తుచేశాడు. ఛానెళ్లు ఆవిణ్ణి వదిలి ఈయన దగ్గరికి పరిగెత్తాయి. రాత్రికి మళ్లీ ఆవిడ మాటలే వేశాయనుకోండి.

మూడు రోజుల తర్వాత, ఆగస్టు 25న, జాన్సన్ తన ప్రెస్ సెక్రటరీ రీడీకి ఫోన్ చేసి తను పోటీ నుంచి తప్పుకుంటున్నట్టు రాసిపెట్టుకున్న ప్రకటన చదివి వినిపిస్తాడు. అదే రోజు భార్య లేడీ బర్డ్ రాసిన ఉత్తరం లైబ్రరీలో ఉంది. ధైర్యంలో నువ్వు ట్రూమన్‌కో రూజ్‌వెల్ట్‌కో లింకన్‌కో తీసిపోవు, ఇప్పుడు తప్పుకుంటే దేశానికి చెరుపు, నీ ముందున్నది ఒంటరి ఎడారి, అని. ఆ ఎన్నికల్లో జాన్సన్ గెలుపు మీద ఎవరికీ అనుమానం లేదు. అలాంటివాణ్ణి ఇలా బెంబేలెత్తించిన వాటిలో, ఓటే లేని ఆ పత్తి కూలీలు అడిగిన కుర్చీలు మొదటివి. చివరికి రెండు సీట్లిస్తామన్నారు. ఇంత దూరం వచ్చింది రెండు సీట్ల కోసం కాదని హేమర్ తిరగ్గొట్టింది. ఆవిడ బలం ఎంతో ఆవిడ అభిమానుల పుస్తకాల్లో కంటే జాన్సన్ గొంతులో నాకు బాగా తెలిసింది.

ఇక్కడ ఒక ముల్లు ఉంది, దాన్ని దాటేసి పోలేను. అట్లాంటిక్ సిటీలో ఉద్యమకారులు ఏమనుకుంటున్నారో వైట్‌హౌస్‌కి గంట గంటకీ ఎలా తెలిసింది? డెలోచ్ నాయకత్వంలో ఎఫ్‌బిఐ జట్టు అక్కడ మకాం వేసి, కింగ్ హోటల్ ఫోన్లు విని, ఉద్యమం ఆఫీసులో మైకులు పెట్టి చేరవేసింది. కింగ్ ఫోన్ల మీద నిఘాకి అంతకు ముందే, 1963 అక్టోబరులో, అప్పటి న్యాయశాఖ పెద్ద రాబర్ట్ కెనెడీ సంతకం పెట్టాడు. అంటే నోట్ ఫైల్లో ఉద్యమం గురించి మనం లొట్టలేసుకుంటూ చదివే సమాచారం కొంత దొంగచాటుగా విన్నది. ఆ నిఘా టేపుల్ని 1977లో కోర్టు 50 ఏళ్లకి సీలు వేయించింది. సీలు విప్పాక చదువుతానా అని నన్ను నేనే అడుగుతుంటాను. ఒకరోజు చదువుతానంటాను, ఒకరోజు వద్దంటాను.

మూసిన కాగితాలకి అక్కడ ఒక పద్ధతుంది. తీసేసిన కాగితం స్థానంలో ఒక పట్టిక పెడతారు: ఏ రకం కాగితం, ఏ తేదీ, ఎన్ని పేజీలు, ఎందుకు మూశారు. ఎ అంటే దేశ రహస్యం, బి అంటే చట్టం అడ్డు, సి అంటే దానమిచ్చినవాడి షరతు. తెరవమని మనం అర్జీ పెట్టుకోవచ్చు. మొదట్లో అది కనబడితే చికాకేసేది. తర్వాత శ్రీకృష్ణ కమిటీ నివేదికలో ఎనిమిదో అధ్యాయం గుర్తొచ్చింది. 2010 చివర్లో సీలు కవర్లో పెట్టి హోంశాఖకిచ్చిన ఆ అధ్యాయం మీద మన దగ్గర ఎన్ని పుకార్లు, ఎన్ని టీవీ చర్చలు! ఏ పేజీని ఎందుకు దాచారో రాసిపెట్టే అలవాటుంటే పుకార్లకి అంత మేత ఉండదు. 1985 జూలై 17న కారంచేడులో ఏం జరిగిందో నాకు తెలిసింది పౌరహక్కుల సంఘాల నివేదికల్లోంచి, కోర్టు తీర్పుల్లోంచి. ఆ రోజు హైదరాబాదులో ఎవరు ఎవరికి ఫోన్ చేశారో నిమిషాలతో రాసిన చిట్టా ఏదీ నా చేతికి రాలేదు.

ఇవన్నీ మనకెందుకు, మనం మెరిట్ మీద వచ్చాం, అనే బాబాయిలు ఇక్కడ ప్రతి ఉగాది ఫంక్షన్‌లోనూ ఒకరైనా తగులుతారు. వాళ్లతో నేను వాదించడం మానేసి ఒక అంకె చెబుతున్నాను: 100. 1946లో ట్రూమన్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఏడాదికి మొత్తం భారతదేశం నుంచి వలస రాదగ్గవాళ్లు అంతమందే. అప్పుడూ మనవాళ్లకి మెరిట్ ఉంది. దేశాలవారీ ఆ కోటాల్ని రద్దు చేసే చట్టం మీద సంతకం పడింది 1965 అక్టోబరు 3న, ఓటు హక్కు చట్టం వచ్చి రెండు నెలలు కాకముందే, దాన్ని పాస్ చేసిన కాంగ్రెసు చేతుల మీదుగానే. లిబర్టీ విగ్రహం దగ్గర సంతకం పెడుతూ జాన్సన్ ఇదేమీ విప్లవాత్మకమైన చట్టం కాదన్నాడు. ఆ మాట చెప్పి మా ఊరి ఇండియన్ స్టోర్‌లో గోంగూర కట్టలు సర్దుకునే వరసని చూపిస్తే బాబాయిలు నవ్వేస్తారు, అంతవరకే.

మొన్న మళ్లీ నాన్నకి ఫోన్ చేసి నా పేచీ అంతా చెప్పాను. నోట్ ఫైలు కంటే కరెంట్ ఫైలే గొప్పదంటే ఆయన ఒప్పుకోలేదు గానీ, వేరే ప్రశ్న వేశారు. "ఊరూ పేరూ లేనివాళ్లు రాసిన ఉత్తరాలు కూడా అన్నీ ఆర్.డిస్ చేశారా వాళ్లు?" ఫైలు మూసేటప్పుడు మనవాళ్లు పెట్టే గుర్తులవి. ఆర్.డిస్ అయితే శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్ అయితే పదేళ్లు, ఎల్.డిస్ అయితే కొద్ది కాలానికే తీసి పారేయొచ్చు. అన్నీ కాదేమో గానీ చాలానే ఉంచారన్నాను.

"మరి మన ఆఫీసులో, మాలపల్లి వాళ్లు ఇళ్ల స్థలాల కోసం పెట్టుకున్న అర్జీలు నాన్నా?"

"ఎండార్స్‌మెంట్ ఇచ్చి పంపించేసినవేగా? ఎల్.డిస్" అన్నారు, ఆలోచించుకోకుండానే. కాసేపాగి, ఒకసారి రికార్డు రూం ఖాళీ చేసినప్పుడు ఆ కట్టలు విప్పింది తనేనని చెప్పారు. కాగితాలు తూకానికి పోయాయట. ట్యాగులు మాత్రం ఊడదీసి, మళ్లీ పనికొస్తాయని డబ్బాలో వేసి ఉంచారట.